మెరుపుకి ఎర్తు

నేను ఏలూరులో మిషన్ వారి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరేనాటికి ముప్పైల దశకం సగానికి వచ్చింది. ఆడమనిషి కుట్లు నేర్పడం, పాటలు నేర్పడం ఊరికి అలవాటే. సైన్సు చెప్పడం మాత్రం వింత. బజారులో గాజులామె నా చేతికి గాజులు ఎక్కిస్తూ, "మీరేనాండీ గాజు గొట్టాల్లో మంట పెడతారంట?" అని అడిగేది. మా నాన్నగారు ఉంగుటూరు దగ్గర ఒక పల్లెటూళ్ళో మిషన్ బడి మాస్టారు. నన్ను మద్రాసు పంపి ఫిజిక్సు చదివించినందుకు చుట్టాలంతా ఆయన్ని దెప్పుతూనే ఉండేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

మా హెడ్మిస్ట్రెస్ ఒక దొరసానిగారు. ఎత్తయిన మనిషి, మెత్తని మాట. తెలుగు బాగా వచ్చు. కాకపోతే ఆ తెలుగంతా బైబిలు చదివి నేర్చుకున్నది. వంటింటి వైపు వెళ్ళి, "నేడు పప్పు ఏల మాడెను?" అని అడిగేవారు. వంటామె కూడా అలవాటుపడిపోయి, "మంట ఎక్కువాయెనండీ" అని జవాబు చెప్పేది.

ఆ ఏడాది వార్షికోత్సవానికి ముందు దొరసానిగారు టీచర్లందరినీ పిలిచారు. "ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చుచున్నారు. కోలాటమును, నాటకమును వారు ప్రతి బడిలోను చూచుచున్నారు. సైన్సులో నుండి మనము ఏమైనా చూపగలమా?" అని నా వైపు తిరిగారు.

"మెరుపు చూపిస్తానండీ," అన్నాను.

నా పక్కన కూచున్న తెలుగు పండితులవారు ముక్కు దాకా తీసుకెళ్ళిన నస్యం చిటికెని అక్కడే ఆపేశారు. అరవై దాటిన మనిషి. బడి మొత్తానికి మగవాళ్ళు ఆయనా, గేటు దగ్గర జవానూ.

"హాల్లోనా అమ్మా?" అన్నారు.

"హాల్లోనేనండీ, పంతులుగారూ."

"తరవాత ఆ హాలు మళ్ళీ పాఠాలకి పనికొస్తుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, అన్నమాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. మద్రాసులో మా ప్రొఫెసరుగారు ఒకసారి క్లాసులో టెస్లా కాయిల్ పెట్టి చూపించారు. చీకటి గదిలో ఇత్తడి గుండు మీంచి ఊదారంగు మెరుపులు కొమ్మలు కొమ్మలుగా లేచి గాలిలోకి పాకడం చూసి, ఆ వేళ అన్నం కూడా సయించలేదు నాకు. అలాంటిదొకటి చిన్నది నేనూ చేయగలనని అప్పటినుంచీ మనసులో ఉంది.

బడి బీరువాలో బ్యాటరీ కరెంటుకి జోరు పెంచే ఇండక్షన్ కాయిల్ ఒకటి, ఆ కరెంటుని పట్టి ఉంచే లేడెన్ జాడీలు కొన్ని ఉండేవి. వాటిని ఎవరు తెప్పించారో, ఎందుకు తెప్పించారో ఎవరికీ తెలీదు. సాలీళ్ళు మాత్రం వాటిని బాగా వాడుకుంటున్నాయి. ఊళ్ళోకి కరెంటు వచ్చినా మా బడిలోకి ఇంకా రాలేదు కాబట్టి, తాడేపల్లిగూడెం బస్సు నడిపే షావుకారుని బతిమాలి ఒక పాత మోటారు బ్యాటరీ తెచ్చుకున్నాను. ఇక అసలైనది, పెద్ద తీగచుట్ట. ఇండియా మ్యాపు చుట్టి వచ్చిన లావుపాటి అట్ట గొట్టం తీసుకుని, దానికి లక్క పూసి, వెంట్రుకంత సన్నటి రాగి తీగ వరసకి వరస ఆనుకునేలా చుట్టాలి. హాస్టలు పిల్లలు సాయానికొచ్చారు. ఒకరు గొట్టం తిప్పుతుంటే ఒకరు తీగ వదలడం. చెయ్యి ఒకే వేగంతో ఆడాలని కీర్తనలు పాడుకుంటూ చుట్టేవారు. దుఃఖంగా సాగే కీర్తన పాడినంతసేపూ తీగ ముచ్చటగా చుట్టుకునేది. క్రిస్మస్ పాట ఎత్తుకుంటే చాలు, తెగేది. చివరికి గుడ్ ఫ్రైడే పాటలు తప్ప మరేవీ పాడొద్దని చెప్పాల్సి వచ్చింది.

చుట్ట తయారైంది. అసలు తంటా అప్పుడు మొదలైంది.

తంటా ఏమిటో చెప్పాలి. ఆ చుట్టకి రెండు కొసలు. పై కొస ఇత్తడి గుండుకి. మెరుపు పుట్టేది అక్కడ. కింది కొసని భూమిలోకి దించాలి. దాన్నే ఎర్తు అంటాం. నేల మీద కాలు ఆనకుండా ఎవరూ పైకి గెంతలేరు కదా, ఇదీ అంతే. కింద భూమి ఆనితేనే పైన మెరుపు లేస్తుంది. ఆనకపోతే ఆ కరెంటు ఊరుకోదు. పక్కనున్న మేకులోకో, బల్ల చువ్వలోకో, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ వేలిలోకో దూకుతుంది. ప్రాణానికి ముప్పు లేదు గానీ సూదితో పొడిచినట్టు చిటుక్కుమంటుంది.

మా హాలేమో నడుమెత్తు అరుగు మీద కట్టింది. అందులో వేదిక టేకు చెక్క. నేల ఎండిన నాపరాయి. చుట్టూ వరండాలు. భూమి అన్నది ఎక్కడో వరండా మెట్లు దిగాక గానీ లేదు. మెరుపు లోపల, భూమి బయట.

మొదట కిటికీ ఊచలు కనిపించాయి. ఇనుప ఊచలు, గోడలోకి దిగి ఉన్నాయి, గోడ నేలలోకి దిగి ఉంది, కాబట్టి సరిపోతుందనుకున్నాను. తీగ తెచ్చి ఊచకి చుట్టి స్విచ్చి నొక్కాను. గుండు మీద మెరుపు రాలేదు. కిటికీ అవతల వరండాలోంచి "అమ్మో!" అన్న కేక మాత్రం వచ్చింది.

పండితులవారు మధ్యాహ్నం పూట ఆ కిటికీ పక్కనే పడక కుర్చీ వేసుకుని కునుకు తీస్తారని నాకు తెలీదు. ఊచలు కొయ్య చట్రంలో బిగించినవని, సున్నపు గోడ ఎండి పెంకైందని, వాటికి భూమితో ఏ చుట్టరికమూ లేదని కూడా అప్పుడే తెలిసింది. ఆయన వెండి నస్యం డబ్బీ పట్టుకున్న చెయ్యి ఊచకి దగ్గరగా వచ్చిందట. ఊచలోంచి డబ్బీలోకి ఒక నీలం రవ్వ దూకింది. నేను వరండాలోకి పరుగెత్తేసరికి ఆయన పంచె నిండా నస్యం. లేచి నిలబడి డబ్బీ కేసి చూస్తున్నారు.

"పంతులుగారూ, క్షమించండి! దెబ్బ తగిలిందాండీ?"

ఆయన జవాబు చెప్పబోయి తుమ్మారు. మళ్ళీ చెప్పబోయి మళ్ళీ తుమ్మారు. నస్యమంతా మొహాన పడింది మరి. చివరికి కళ్ళు తుడుచుకుని, "అమ్మాయ్, మెరుపు అంటే నువ్వన్నది ఇదేనా?" అని అడిగారు.

"అవునండీ. దారి తప్పింది."

నేను భయపడుతుంటే ఆయన మొహంలో మెల్లిగా ఒక గర్వం కనిపించింది. సాయంత్రానికల్లా బడంతా తెలిసిపోయింది, పిడుగు పండితులవారి చేతిలోంచి పోయిందనీ, ఆయన చెక్కు చెదరలేదనీ. మర్నాటినుంచి ఆయన పై క్లాసు పిల్లలకి ఆ సంగతి వర్ణిస్తూ పద్యపాఠం కూడా మానేశారు. వర్ణన రోజురోజుకీ పెరిగింది. రవ్వ కాస్తా కాగడా అయింది.

ఊచలు లాభం లేదు కాబట్టి, వేదిక పక్క కిటికీ కింద గొయ్యి తవ్వి, రాగి రేకు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి నీళ్ళు పోద్దామని నిశ్చయించాను. పుస్తకాల్లో చెప్పినదీ అదే. తీగ పొట్టిగా ఉంటుంది, తిన్నగా దిగుతుంది. అయితే సరిగ్గా అక్కడే దొరసానిగారి గులాబీలు ఉన్నాయి. వాళ్ళ దేశం నుంచి ఓడలో తెప్పించిన మొక్కలు. ఏలూరు ఎండకి అన్నీ పోగా ఆ కాసినీ మిగిలాయి. అనుమతి అడగడానికి వెళ్ళాను.

"భూమి కావలెనా?" అన్నారు ఆవిడ, పూర్తిగా విని. "మనము భూమి మీదనే ఉన్నాము గదా. భూమిని ఏల వెదకుచున్నావు?"

"గులాబీల దగ్గరి భూమి అయితే దగ్గరండీ. కాస్త ఉప్పు కూడా వెయ్యాలి."

ఉప్పు అనగానే ఆవిడ మొహం తెల్లబోయింది. అసలే తెల్లటి మొహం. "ఉప్పు వేసిన యెడల నా మొక్కలు చచ్చును," అన్నారు. ఆవిడ నన్ను నిరాశపరచకూడదనుకున్నారు. పాపం, చాలాసేపు ఆలోచించి, "బయటి భూమిలోనికి నీవు వెళ్ళనక్కరలేదు. భూమినే లోపలికి రప్పించెదను," అన్నారు.

మర్నాడు పొద్దున్నే జవాను పెద్ద కొయ్య తొట్టి నిండా మన్ను మోయించుకొచ్చి వేదిక మీద పెట్టాడు. వట్టి మన్ను చూడ్డానికి బావుండదని ఆవిడ అందులో ఒక క్రోటన్ మొక్క కూడా నాటించారు. తొట్టిలో మట్టి భూమి కాదని, తొట్టి కింద చెక్క ఉన్నంతవరకూ అది గాలిలో వేలాడుతున్నట్టేనని ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ చూస్తుండగా తీగ తెచ్చి ఆ మట్టిలో గుచ్చాను. ఆవిడ సంతోషించి వెళ్ళిపోయారు. కార్యక్రమం అయ్యేదాకా ఆ క్రోటను వేదిక మీదే ఉంది. చూసినవాళ్ళంతా అలంకారమనుకున్నారు.

చివరికి నా చూపు పెరట్లో బోరు పంపు మీద పడింది. వేదిక వెనక కిటికీలోంచి చూస్తే వంటింటి ముందు కనిపిస్తుంది. ఇనుప గొట్టం నేలలోకి ఎంతో లోతుకి, నీళ్ళ దాకా దిగి ఉంటుంది. అంతకంటే మంచి ఎర్తు ఏలూరు మొత్తం మీద దొరకదు. తీగ కాస్త పొడుగవుతుంది గానీ, లావుపాటి రాగి తీగ వేస్తే సర్దుకుంటుంది. పంపు గొట్టానికి గరుకు కాగితం పెట్టి తుప్పు రుద్ది, తీగ బిగించి వచ్చి స్విచ్చి నొక్కాను. గుండు మీంచి బెత్తెడు పొడుగు మెరుపులు లేచాయి! ఊదారంగు, చివర్లు గడ్డిపోచల్లా చీలి. పిల్లలు కేరింతలు కొట్టారు. నేనూ కొట్టాను, ఎవరూ చూడలేదనుకుని.

ఆ సంతోషం మధ్యాహ్నం భోజనాల గంట దాకా ఉంది. గంట మోగింది గానీ భోజనం లేదు.

హాస్టలు వంటామెని పిల్లలూ మేమూ కూడా పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. భారీ మనిషి. నేను వెళ్ళేసరికి వంటింటి గడప మీద కూచుని, చేతిలో గరిటె అడ్డంగా పెట్టుకుని ఉంది. పొయ్యి ఆరిపోయి ఉంది. బియ్యం చాటలోనే ఉన్నాయి.

"ఏమైందండీ, పెద్దమ్మగారూ?"

"ఏముందండీ టీచరమ్మగారూ. పంపుకి మెరుపు కట్టేశారంట గదా. ఆ నీళ్ళతో అన్నం వండి ఆడపిల్లలకి పెట్టమంటారాండీ? రేపు వాళ్ళ కడుపులో మెరుపులు పుడితే వాళ్ళ అమ్మలకి నేనేం చెప్పేదండీ?"

"అది నీళ్ళలో ఉండదండీ. భూమిలోకి పోతుంది."

"పోయేది నీళ్ళలోంచేగాండీ పోయేది?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది గానీ ఫిజిక్సు మూడో ఏడు చదివితే తప్ప అర్థమయ్యే జవాబు కాదు. పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. నేను పంపు కొట్టి, చెంబు నిండా నీళ్ళు పట్టి, అందరూ చూస్తుండగా గటగటా తాగాను. పెద్దమ్మ నా మొహంలోకి, తరవాత నా పొట్టకేసి చూసింది.

"ఇప్పుడేం తెలీదండీ. సాయంత్రం దాకా చూడాలండీ," అంది.

ఆ వేళ పిల్లలు అటుకులు తిన్నారు. పెద్దమ్మ సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. క్లాసు గుమ్మంలోకి వచ్చి తొంగిచూసి పోయేది. ఒకసారి నాకు తేన్పు వచ్చింది. "అదిగో!" అంది వెంటనే. పొద్దువాలేదాకా నేను బతికే ఉండడం చూశాక ఒప్పందానికి వచ్చింది. నీళ్ళు కొట్టేటప్పుడు తీగ పంపుకి ఉండకూడదు. ఆవిడ పని అయ్యాక, నా పని ఉన్నప్పుడు కట్టుకోవచ్చు. "మాట మీద నిలబడాలండీ మరి," అంది. నిలబడతానన్నాను.

వార్షికోత్సవం రోజు వచ్చింది. తాడేపల్లిగూడెం రైల్లో కొందరు, బస్సుల్లో కొందరు, కొల్లేటి లంకల నుంచి పడవల్లో కొందరు వచ్చారు. మా హాస్టల్లో కొల్లేటి పిల్లలు బాగానే ఉండేవారు. వాళ్ళ నాన్నలు చేపలు పట్టేవాళ్ళు. ఉతికిన పంచెలు కట్టుకుని, చివరి వరసల్లో సర్దుకుని కూచున్నారు. ముందు వరసలో ఇన్‌స్పెక్ట్రెస్‌గారు, పక్కన దొరసానిగారు, ఆ పక్కన పండితులవారు. వేదిక మీద క్రోటన్ తొట్టి, నా కాయిలు, గోడవారగా బహుమతుల బల్ల. దాని మీద వెండిరంగు కప్పులు ఒకదాని పక్కన ఒకటి మెరుస్తున్నాయి. పంపు నుంచి వచ్చే తీగ కిటికీలోంచి దిగి, ఆ బల్ల వెనకగా వచ్చి నా కాయిలుకి చేరింది. మరో దారి లేదు.

కోలాటం అయింది. నాటకం అయింది. నా వంతు వచ్చింది. తలుపులు మూయించి, కిటికీలకి దుప్పట్లు కట్టించాను. హాలు చీకటైంది. మెరుపు గురించి నాలుగు మాటలు చెప్పి, "ఇప్పుడు ఈ గుండు మీద చూడండి," అని స్విచ్చి నొక్కాను.

గుండు మీద ఏమీ లేదు.

బదులుగా బహుమతుల బల్ల మీద పేలాలు వేగినట్టు చిటపటలు మొదలయ్యాయి. కప్పు నుంచి కప్పుకి నీలం రవ్వలు దూకుతున్నాయి. పెద్ద కప్పు నుంచి చిన్న కప్పుకి, చిన్న కప్పు చెవి నుంచి పక్క కప్పు మూతికి, వరస పొడుగునా పోయి మళ్ళీ వెనక్కి. ఆ తరవాత చప్పట్లు! చివరి వరసల వాళ్ళు లేచి నిలబడ్డారు. దొరసానిగారు "మహాశ్చర్యము!" అనడం వినిపించింది. పండితులవారు ఇన్‌స్పెక్ట్రెస్‌గారి వైపు వంగి, "ఇదేనండీ, నా చేతిలోంచి పోయింది," అంటున్నారు.

ఏం జరిగిందో నాకు వెంటనే తట్టింది. ఎక్కడో ఎర్తు ఊడింది. దారి లేని కరెంటు ఆ పొడుగు తీగంతా పాకి, బల్ల వెనక నుంచి కప్పుల్లోకి దూకుతోంది. స్విచ్చి ఆపేశాను. "ఇప్పుడే వస్తానండీ," అని వెనక తలుపులోంచి పెరట్లోకి పరుగెత్తాను.

పంపు దగ్గర పెద్దమ్మ బిందె పెట్టి నీళ్ళు కొడుతోంది. తీగ పంపుకి లేదు. పక్కన బట్టలారేసే తీగకి జాగ్రత్తగా తగిలించి ఉంది, కింద పడి మట్టి అంటుకోకుండా.

"పెద్దమ్మగారూ! తీగ తీసేశారేంటండీ!"

"కాఫీకి నీళ్ళు కావాలంటే కొట్టొద్దాండీ? ఇన్‌స్పెట్రమ్మగారు కాఫీ తాగరాండీ?" ఆవిడ చెయ్యి ఆపలేదు. "నీళ్ళు కొట్టేటప్పుడు తీగ ఉండకూడదని మీరే ఒప్పుకున్నారుగాండీ. మీరు మర్చిపోయినా నేను మర్చిపోను."

ఒప్పందం అక్షరాలా పాటించింది. నేనూ ఒక చెయ్యి వేసి పంపు కొట్టాను. బిందె నిండింది. ఆవిడ దాన్ని చంకనెత్తుకుని, "ఇంక మీ ఇష్టమండీ," అని వెళ్ళిపోయింది. తీగని పంపుకి బిగించి మళ్ళీ లోపలికి పరుగెత్తాను.

ఈసారి అన్నీ పుస్తకంలో చెప్పినట్టే జరిగాయి. గుండు మీంచి ఊదారంగు మెరుపులు లేచాయి. గాలి తీసేసిన గాజు గొట్టాన్ని దూరంగా చేత్తో పట్టుకుంటే తీగ ఏదీ లేకుండానే అది వెలిగింది. మద్రాసులో మా ప్రొఫెసరుగారు చూసి ఉంటే భుజం తట్టేవారు. నేను మెరిసే కళ్ళతో జనం వైపు తిరిగాను.

చప్పట్లు వచ్చాయి. మర్యాదకి కొట్టే చప్పట్లు. అప్పుడు చివరి వరసలోంచి ఒక కొల్లేటి పెద్దాయన మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నాడు. "అమ్మగారండీ, ఇదీ బానే ఉందండీ. కానీ ముందు చేసిందే బాగుందండీ. ఆ కప్పులది ఇంకోసారి చెయ్యండి."

"అవునండీ, కప్పులది!" అని హాలంతా అందుకుంది.

అది తప్పండీ, ఎర్తు ఊడితే జరిగిందండీ అని చెప్పబోయాను. దొరసానిగారు నా వైపు ఆశగా చూస్తున్నారు. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు కూడా. ఇక లాభం లేదని, జవానుని పెరట్లోకి పంపి నా ఎర్తుని నేనే ఊడదీయించుకున్నాను. కప్పులు మళ్ళీ చిటపటలాడాయి. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు ఉండబట్టలేక వేదిక మీదికొచ్చి, ఒక కప్పు దగ్గరగా వేలు పెట్టారు. చిటుక్కుమంది. ఆవిడ "అబ్బా!" అని వేలు వెనక్కి లాక్కుని, చిన్నపిల్లలా నవ్వి, రెండో చేతి వేలు కూడా పెట్టి చూసుకున్నారు. తరవాత బహుమతులు పంచేటప్పుడు పిల్లలు కప్పులు అందుకోవడానికి జంకారు. ఒక్కొక్కరూ ముందు ఒక వేలితో తాకి చూసి, అప్పుడు తీసుకున్నారు.

వెళ్ళేటప్పుడు ఇన్‌స్పెక్ట్రెస్‌గారు నన్ను పక్కకి పిలిచారు. "మొదటిది పొరపాటు కదా?" అన్నారు గొంతు తగ్గించి.

"అవునండీ."

"నేనూ కొంచెం ఫిజిక్సు చదివాను. ఎవరితోనూ అనను లెండి. కానీ పొరపాటు ఎందుకు జరిగిందో పిల్లలకి రేపు క్లాసులో చెప్పండి. ఆ రెండూ చూశారు కాబట్టి ఇప్పుడు ఎర్తు అంటే ఏమిటో ఈ జిల్లాలో మీ పిల్లలకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

నిజమే. మర్నాడు క్లాసులో ఎర్తు పాఠం చెబితే వెనక బెంచీ పిల్ల కూడా గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పింది.

ఇది ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కొన్ని వారాలకి ఆ కొల్లేటి పెద్దాయన మళ్ళీ బడికొచ్చాడు. ఆయన మనవరాలు నా క్లాసులోనే ఉండేది. తాటాకు బుట్టలో కొర్రమేను చేపలు పెద్దమ్మకి అప్పజెప్పి, నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా లంకలో ఆడోళ్ళెవరూ ఇక్కడికి రాలేకపోయారండీ. మేం చెబితే నమ్మట్లేదండీ. కల్లు తాగి చెబుతున్నారంటున్నారండీ. తవరొచ్చి ఒక్కసారి చూపిస్తే మా మాట నిలబడుద్దండీ," అన్నాడు.

దొరసానిగారు సరేనన్నారు. తానూ వస్తానన్నారు. ఒక శనివారం కాయిలూ, జాడీలూ, బ్యాటరీ దుప్పట్లలో చుట్టి పడవలో పెట్టుకుని బయల్దేరాం. నీళ్ళ మీద కిక్కిస గడ్డి దుబ్బులు, వాటి మధ్య సన్నటి దారులు. పడవ ఒరిగినప్పుడల్లా నేను బ్యాటరీని, దొరసానిగారు నన్ను పట్టుకున్నారు. లంక మీద ఒక పొడుగాటి తాటాకు పాక. వలలు, చేప బుట్టలు పెట్టుకునేది. అవన్నీ ఓ పక్కకి జరిపి, గోడల సందుల్లో చాపలు కట్టి చీకటి చేశారు. పాక వెనక అంచు నీళ్ళ మీదికే ఉంది.

"భూమి ఎక్కడ ఉన్నది?" అని దొరసానిగారు నన్ను అడిగారు. ఆవిడకిప్పుడు ఎర్తు సంగతులన్నీ కొట్టిన పిండి.

నేను రాగి రేకుకి తీగ కట్టి, పాక అంచు నుంచి కొల్లేట్లోకి జారవిడిచాను. బుడుంగున మునిగి అడుగు బురదలో కూచుంది. అంతే. గొయ్యి లేదు, ఉప్పు లేదు, ఎవరినీ బతిమాలే పని లేదు. ఏలూరులో అన్ని రోజులు వెతికింది ఇక్కడ చేతికందేంత దూరంలో సరస్సు నిండా ఉంది.

స్విచ్చి నొక్కగానే బడిలో ఎన్నడూ రానంత మెరుపులు వచ్చాయి. జానెడు దాటాయి. తాటాకు కప్పు అంటుకుంటుందేమోనని నేనే భయపడి బ్యాటరీ తీగ ఒకటి సడలించాను. పాకలో ఆడవాళ్ళంతా ఒకరినొకరు పట్టుకుని కూచున్నారు. ఎవరూ కేక వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. చీకట్లో ఆ ఊదారంగు వెలుతురు వాళ్ళ మొహాల మీద ఆడుతోంది. మద్రాసులో ఆ మొదటి రోజు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

ఆపాక, చాపలు తీశాక, పెద్దాయన భార్య ముందుకొచ్చింది. వయసు మళ్ళిన మనిషి. కాయిలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇదంతా బాగుందమ్మా," అంది. "మరి ఇందాక ఆ రేకు మా నీళ్ళలో ఏశావు గదా. చేపలు బెదిరి పోవుగా?"

"పోవండీ. వాటికేమీ కాదు."

"నువ్వు ఆటిని అడిగావా?"

లేదని ఒప్పుకున్నాను. ఆవిడ మొగుడి వైపు తిరిగి, రేపు అవతలి పక్క వల వెయ్యమని చెప్పింది. ఆయన తలూపాడు. దొరసానిగారు నా చెవిలో, "ఈమె వివేకము గల స్త్రీ," అన్నారు.

ఆ రాత్రి లంకలోనే ఉన్నాం. మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యాక మమ్మల్ని సాగనంపడానికి పెద్దాయన రేవుకొచ్చాడు. అవతలి పక్క వేసిన వలలో ఏమీ పడలేదట. రేకు వేసిన చోట, పాక వెనక, మనవడు ఊరికే గాలం వేస్తే ఇంత వాలుగ చేప పడిందట. "ఆ రేకు ఇక్కడే ఉంచి పోతారాండీ?" అని అడిగాడు. చేపకీ రేకుకీ సంబంధం లేదని చెబుదామని నోరు తెరిచాను. ఆయన మొహం చూసి మానేశాను. తీగ విప్పుకుని రేకు ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పంచె చెంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని, మా పడవ కిక్కిస దుబ్బుల్లోకి తిరిగేదాకా రేవులోనే నిలబడ్డాడు.